నడుం వాల్చే చోటు

జూన్ 9

నాన్నకి మతి పోయింది. అమ్మకి మార్చిలోనే పోయింది కాబట్టి, ఇంట్లో మతి ఉన్నవాణ్ణి ఇక నేనొక్కణ్ణే.

పొద్దున పరుపుల దుకాణం తెరవకుండా ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని కాలేజీకి వెళ్లొచ్చారు. అక్క చదివిన కాలేజీకే. అక్క జ్ఞాపకార్థం ఏదైనా ఇచ్చుకుంటామని ప్రిన్సిపల్‌ని అడిగి వచ్చారట. ఇచ్చేవాడే వెళ్లి, పుచ్చుకోండని బతిమాలుకోవడం ఎక్కడైనా ఉందా? చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు ఇద్దరూ. కళ్లకు కట్టినట్టుంది నాకు.

చంపినవాళ్లకి కానుకలేమిటని అడిగాను. నాన్న సుత్తి తీసుకుని దుకాణంలోకి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం, "ముందు తిను. తిన్నాక తిట్టు" అంది.

జూన్ 10

నిన్న కోపంలో రాసింది చదువుకున్నాను. ఒక్క అక్షరం కూడా మార్చను.

జూన్ 12

కరపత్రం రాసేవాడు ముందు వాస్తవాలు పోగుచేసుకోవాలని చదివాను. చేసుకుంటున్నాను.

అక్క రోజూ రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్లేది. హాస్టల్ పిల్లలకి గదులుంటాయి, మంచాలుంటాయి. ఇంటి నుంచి వచ్చేవాళ్లకి మెట్లు. లైబ్రరీకి ఎక్కే మెట్ల మలుపులో గోడకి తల ఆనించి కూర్చుని అక్క మధ్యాహ్నాలు గడిపేది. ఫిబ్రవరి అంతా ఒళ్లు వెచ్చగానే ఉండేది. ప్రాక్టికల్స్ పోతాయని మానలేదు. మార్చిలో ఆస్పత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు. జ్వరం గుండెకి పాకిందన్నారు. ఎప్పటినుంచో పాకుతూనే ఉందని, మధ్యాహ్నం ఓ గంట పడుకున్నంత మాత్రాన ఆగేది కాదని డాక్టరు నాన్నకి చెప్పాడు. డాక్టర్లూ ఆ బాపతు వాళ్లే.

సెలవు అడిగిందా అంటే, అడగలేదు. అడిగే ధైర్యం ఇచ్చే చోటు కాదది.

పరుపులు కుట్టేవాడి కూతురికి పడుకునే చోటు లేకపోయింది. ఈ వాక్యం బాగా కుదిరింది. దాచుకోవాలి.

జూన్ 15

కానుక ఏమిటో ఇవాళ తెలిసింది. మెట్ల కింద విరిగిన బల్లలు పడేసే గది ఒకటుందట. దాన్ని ఖాళీ చేయిస్తారు. నాన్న తన చేత్తో ఒక దివాను చేసి అందులో పెడతాడు. నీరసంగా ఉన్న ఆడపిల్ల ఎవరైనా వెళ్లి పడుకోవచ్చు. ఊహ అమ్మది.

అమ్మ ఈ మాట చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫిబ్రవరిలో ఒకరోజు అక్క చెప్పులు విప్పుతూ, "అక్కడ కాసేపు నడుం వాల్చే చోటుంటే ఇంకేం అక్కర్లేదమ్మా" అందట. అమ్మ నవ్వి, "నడుం వాల్చడానికి వెళ్తున్నావా, చదువుకోడానికి వెళ్తున్నావా" అందట.

"నవ్వాను రా" అంది నాతో. రెండుసార్లు అంది.

"ఇంక ఏ పిల్లైనా అలా వస్తే, కాసేపు పడుకో అమ్మా అని అనాలి. నేను రోజూ వెళ్లి అనలేను కదా. ఆ పరుపు అనాలి." ప్రిన్సిపల్‌తోనూ ఇదే మాట అని వచ్చిందట.

దానం అంటే అన్యాయానికి తొడిగే గలేబు అని ఓ పుస్తకంలో ఉంది. అది అమ్మకి చదివి వినిపిద్దామనుకున్నాను. వినిపించలేదు. సమయం కాదు.

జూన్ 21, శనివారం

గది కొలతలకి నన్ను పంపించారు. నాన్న కావాలనే పంపాడు.

ఆ కాలేజీలో ఎక్కడ చూసినా ఇత్తడి ఫలకాలే. గంట కింద ఒకటి, మంచినీళ్ల కుళాయి పైన ఒకటి, ప్రార్థన గది బెంచీలకి వరసగా. అందరూ జ్ఞాపకార్థమే. అక్కడ గడియారం టైము చెప్పాలన్నా ముందు ఎవరో ఒకరు చచ్చిపోవాలి. ఈ మాట అక్కకి చెబితే కడుపు పట్టుకుని నవ్వేది. "ఒరేయ్ కరపత్రం, మెల్లగా, వింటారు" అనేది. నాకు ఆ పేరు పెట్టింది తనే. ఇప్పుడెవరూ అలా పిలవరు.

గదిలో ప్రిన్సిపల్ స్వయంగా కిటికీ తుడుస్తోంది. సన్నటి మనిషి, చేతులు మోచేతుల దాకా దుమ్ము. నాటకం. టేపు పట్టుకోమంటే రెండో కొస పట్టుకుంది. నాకు ఆగలేదు. ఈ గది నిరుడు ఎందుకు లేదని అడిగాను. మెట్ల మీద కూర్చున్న పిల్ల మీ కంట పడలేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను.

ఆవిడ అంతా విని, "మీ అక్క నాకు తెలుసు బాబూ" అని ఏదో మొదలుపెట్టింది.

టేపు చుట్టుకుని వచ్చేశాను. ఏం చెబుతుందో నాకు తెలియదా.

జూలై 6

దివాను పని. చెక్క ఫ్రేము వచ్చింది. గోనెపట్టా లాగి బిగించడం నా వంతు. నేను లాగినదానికి నాన్న వంక పెట్టకపోవడం ఇదే మొదటిసారి. కోపం పనికొస్తుంది కొన్ని పనులకి.

పొడవు ఎంత అంటే నాన్న తడుముకోకుండా చెప్పాడు. అక్క పొడవు, పైన జానెడు. ఆ కొలత ఎక్కడిదని నేను అడగలేదు. తెలుసు. అక్కని పూడ్చిన పెట్టె చేయించింది కూడా నాన్నే కదా.

జూలై 13

నాన్న పడుకుని చూశాడు. చేతులు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు. నిద్రపోయాడేమో అనుకున్నా. లేచి, "ఇప్పుడు గట్టిగానే ఉంటుంది. ఓ నెల నలుగురు పడుకుంటే దారికొస్తుంది. పరుపు మనిషిని నేర్చుకోవాలిరా" అన్నాడు.

మార్చి తర్వాత నాన్న నాతో మాట్లాడిన పెద్ద మాట ఇదే.

జూలై 19

ఫలకం మీద ఏం రాయాలన్న దాని మీద ఇవాళ యుద్ధం.

పాస్టరుగారు వచ్చారు. ఆయన ఓ కాగితం మీద అందంగా రాసుకొచ్చారు. అక్క పేరు, దాని కింద "ప్రభువునందు నిద్రించిన మా ప్రియ కుమార్తె జ్ఞాపకార్థం." నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చదివి తల ఊపాడు.

పడుకునే దివాను పక్కన 'నిద్రించిన' అని రాస్తే, పడుకున్న పిల్ల మళ్లీ లేస్తాననుకుంటుందా అని అడిగాను. పాస్టరుగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఈ విషయంలో నాదే న్యాయం, ఎవరు చూసినా ఒప్పుకుంటారు.

కానీ నేను అక్కడ ఆగలేదు. అక్క నిద్రపోలేదు, చనిపోయింది, చచ్చిపోయినవాళ్లని నిద్రపోయారని చెప్పి జనాన్ని జోకొట్టడమే మీ పని అన్నాను. నాన్న "నోర్ముయ్" అన్నాడు. పాస్టరుగారు మాత్రం, "చిన్నవాడు, అననివ్వండి" అన్నారు. దానికి ఇంకా మండింది.

ఇంతలో గుమ్మంలోంచి అమ్మ, "అవన్నీ ఎందుకు, కాసేపు పడుకో అమ్మా అని రాయించండి చాలు" అంది.

అలా రాస్తే ఎవరిచ్చారో, ఎవరి కోసం ఇచ్చారో తెలియదు కదమ్మా అన్నారు పాస్టరుగారు. నాన్న కూడా, పిల్ల పేరు ఉండాలి అన్నాడు. పిల్ల పేరు పైన పెట్టి నా మాట కింద పెట్టండి అంది అమ్మ. చివరికి అదే ఖాయం చేశారు. అక్క పేరు, అమ్మ మాట. చెక్కించే పని నాకు అప్పగించారు. అమ్మకి చదువు రాదు, నాన్నకి తీరిక లేదు.

జూలై 21

ఇత్తడి పనివాడి దగ్గరికి వెళ్లాను. దారి పొడుగునా ఆలోచించాను. తొందరపాటు కాదు.

పైన అక్క పేరు. దాని కింద మూడు వరసలు:

పడుకోవడానికి చోటు లేక
చనిపోయిన
మా అమ్మాయి

కొసరు లేదు, తోరణాలు లేవు. గోడల నిండా నిద్రపోయినవాళ్లున్న ఆ కాలేజీలో ఒక్క చోటైనా చనిపోయిన మనిషి ఉండాలి. చదివిన ప్రతివాడికీ గుచ్చుకోవాలి.

ఇత్తడి ఆయన కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. "మీ నాన్న రాసిందేనా అబ్బాయ్?"

ఇంట్లో అందరం అనుకున్నదే అన్నాను.

"ఒకసారి కొడితే చెరపడం ఉండదు. ఇది కాగితం కాదు."

చెరపకూడదనే ఇత్తడి అన్నాను. ఈ జవాబు నాకు నచ్చింది. ఇంటికొచ్చేదాకా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

ఆగస్టు 1

రేపే. ఫలకం నిన్న నేనే బిగించి వచ్చాను, గది తలుపు పక్కన గోడకి. పైన గుడ్డ కప్పాను. మేకులు కాదు, మరలు. ఎవరు పీకుతారో చూస్తాను.

ఆగస్టు 2, శనివారం

వరసలో రాస్తాను.

ప్రార్థన చేశారు. కొందరు అమ్మాయిలు పాడారు. అమ్మ, నాన్న ముందు నిలబడ్డారు, నేను గోడ పక్కన. ప్రిన్సిపల్ గుడ్డ తీసింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇందుకోసమే ఇన్ని రోజులు. ఆవిడ కళ్లు అక్క పేరు మీద కదిలాయి, కిందికి దిగాయి, ఆగాయి. పక్కనే నాన్న కళ్లద్దాల కోసం జేబు తడుముకుంటున్నాడు.

అమ్మ మెల్లగా, "పైకి చదవండమ్మా, నాకు చదువు రాదు" అంది.

ప్రిన్సిపల్ అమ్మ వైపు తిరిగింది. తర్వాత నా వైపు చూసింది, ఒక్క క్షణమే. మళ్లీ ఇత్తడి వైపు తిరిగి అక్క పేరు చదివింది. ఆ తర్వాత, అక్షరాల మీద చూపు అలాగే ఉంచి, తాపీగా చదివింది:

"కాసేపు పడుకో అమ్మా."

జూన్‌లో అమ్మ తనతో అన్న మాట ఆవిడకి గుర్తుంది.

అబద్ధం అని అరవాలి నేను. కానీ అమ్మ అప్పటికే ముందుకి వెళ్లి వేలితో అక్షరాలు తడుముతోంది. పై నుంచి కింది దాకా, ఏ వరసా వదలకుండా. మార్చి తర్వాత అమ్మ మొహం అంత తేటగా ఉండడం ఇదే మొదటిసారి.

నోరు మెదపలేదు. దీన్ని పిరికితనం అనకూడదు. అదను చూసుకోవడం అంటారు.

నాన్న కళ్లద్దాలు దొరికాయి. చదివాడు. మళ్లీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆగస్టు 3

నాన్న దుకాణంలో దూది ఏకుతూ, తల ఎత్తకుండా అన్నాడు: "నిన్ను కొట్టే వయసు దాటిపోయింది. మీ అమ్మకి తెలియకూడదు."

తీయిస్తారా అని అడిగాను. తీయిస్తే నేనీ ఇంట్లో ఉండను అని కూడా అన్నాను. ప్రిన్సిపల్ నాన్నతో, అది మీ మాట, మీరు తీయమన్నరోజు తీయిస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోరు అందట. ఇది కూడా ఓ ఎత్తుగడే.

గెలిచాను. గెలిచినట్టే.

ఆగస్టు 9

అమ్మ వారానికోసారి వెళ్లి దివాను కవరు మార్చి వస్తానంది. ఇవాళ మొదటిసారి. ఉతికిన కవరు తొడిగి, విప్పినది సంచిలో తెచ్చుకుంది.

ఆగస్టు 16

అమ్మ వెళ్లొచ్చింది.

ఆగస్టు 23

కవరు దండెం మీద ఆరేస్తూ అమ్మ ఆగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "తొడిగినట్టే ఉందిరా" అంది. అయినా ఉతికింది.

ఆగస్టు 30

ఈసారీ అంతే. గది ఊడ్చే ఆయాని అడిగితే, పిల్లలు తలుపు దాకా వస్తారమ్మా, నిలబడతారు, పోతారు అని చెప్పిందట. ఎందుకని అడిగితే ఆయా చీపురు పట్టుకుని వెళ్లిపోయిందట.

పరుపు గట్టిగా ఉందేమో అంటుంది అమ్మ. రంగు ముదురైందేమో అంటుంది.

సెప్టెంబరు 4

నాన్న సంచిలో దూది, దబ్బనం వేసుకుని కాలేజీకి వెళ్లాడు. అమ్మ మాట కోసం దివాను విప్పి, ఇంకాస్త మెత్తన చేసి, మళ్లీ కుట్టి వచ్చాడు. రోజంతా పట్టింది. మెత్తన చేస్తే ఏమీ కాదని ఆయనకి తెలుసు. తెలిసీ కుట్టాడు.

నన్ను రమ్మనలేదు.

సెప్టెంబరు 6

కవరు శుభ్రంగా ఉంది.

సెప్టెంబరు 7

తప్పు ఆ పిల్లలది. చదువుకుంటున్నవాళ్లు, దెయ్యాలకి భయపడితే ఎలా? వాళ్లకోసం ఒక కరపత్రం రాస్తున్నాను. మూఢనమ్మకాలు, శరీరశాస్త్రం, విశ్రాంతి మన హక్కు. రెండు పేజీలు. నా రాతలన్నిటిలోకీ స్పష్టమైనది.

సెప్టెంబరు 11, గురువారం

గేటు దగ్గర నిలబడి పంచాను. తీసుకున్నారు. కొందరు విసనకర్రగా వాడుకున్నారు.

మిగిలినవి లైబ్రరీలో పెడదామని మెట్లెక్కాను. మలుపులో ఒక పిల్ల గోడకి తల ఆనించుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని ఉంది. ఒళ్లో టిఫిను డబ్బా, మూత తీయలేదు.

అదే మలుపు.

కింద గదిలో దివాను ఉంది కదా, వెళ్లి పడుకోవచ్చుగా అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినిపించింది. కళ్లు తెరిచి చూసింది.

"అది చదివాక ఎలా పడుకోనన్నా?"

దెయ్యాల్లేవని చెప్పబోయాను. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"దెయ్యమని కాదు. ఆవిడకి జ్వరమేనట, నాకూ రోజూ జ్వరంగానే ఉంటోంది. అది చూస్తే, ఓహో నాకూ ఇంతేనా అనిపిస్తుంది. పైగా అలా ఎవరో పోయారని మా ఇంట్లో తెలిస్తే రేపట్నుంచి పంపరు. అందుకే ఆ వైపే వెళ్లం." డబ్బా పక్కన పెట్టి, "ఆ రాయించినవాళ్లకి చాలా కోపం ఉండి ఉంటుంది కదా. మా మీద ఎందుకో" అంది.

నువ్వెవరని అడిగింది. పరుపులు కుట్టేవాణ్ణి అన్నాను.

కరపత్రాలు లైబ్రరీలో పెట్టలేదు.

సెప్టెంబరు 12

మా మీద ఎందుకో.

సెప్టెంబరు 13

ఇవాళ అమ్మ కవరు తీసుకుని బయల్దేరుతుంటే నేను తెస్తానన్నాను. వద్దంది. ఎవరైనా పడుకుని ఉంటే చూడాలట.

సెప్టెంబరు 20

రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 28

జూన్‌లో రాసినవి చదివాను. ఒక్క అక్షరం కూడా మార్చను అని ఉంది ఒకచోట. చిన్నపిల్లాడి రాత.

డాక్టరు చెప్పింది నిజమే. ఓ గంట పడుకుంటే అక్క బతికేది కాదు. ఆ వాక్యం నిజం కాదు. చోటు లేక చనిపోలేదు. చోటు లేదు, చనిపోయింది. రెండూ వేరు వేరు. 'లేక' అని నేనే కలిపి కుట్టాను. కుట్టు బాగా కుదిరిందని మురిసిపోయాను.

అక్టోబరు 3

నాన్నతో చెప్పాను. మెట్ల మీద పిల్ల సంగతి మొత్తం. ఫలకం తీసేద్దామన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

చాలాసేపు దారం దబ్బనంలోకి ఎక్కిస్తూ కూర్చున్నాడు. ఎక్కలేదు. నేను ఎక్కించి ఇచ్చాను.

"మళ్లీ పేరూ మాటా రెండూ చెక్కిద్దామా?" అన్నాను.

"ఆ పేరు పిల్లలకి తెలిసిపోయింది. ఆ పేరు కనపడితే మళ్లీ అదే గుర్తొస్తుంది." దబ్బనం పక్కన పెట్టాడు. "పేరు కోసం పట్టుపట్టింది నేను. పాస్టరుగారు కాదు. మీ అమ్మ మొదటినుంచీ ఒక్క మాటే అడిగింది."

నా కోపం అక్క పేరుని కూడా పాడు చేసింది. ఆ పేరు చూస్తే ఆ పిల్లలకి భయం. మా ఇంట్లో అందరికన్నా నవ్వు మొహం తనది.

అక్టోబరు 6

ఇత్తడి ఆయన, "కాగితం కాదన్నాను కదా" అన్నాడు. అన్నాడంతే, ఎత్తిపొడవలేదు. ఈసారి మూడే మాటలు ఇచ్చాను. ఇంతేనా అన్నాడు. ఇంతే అన్నాను.

అక్టోబరు 14

మార్చాను. మరలు బిగువుగా ఉన్నాయి. అంత బిగించింది ఎవడు మరి.

ప్రిన్సిపల్ వచ్చి నిలబడింది. కొత్త ఫలకం చదివింది. ఆ రోజు మీరు చదివింది ఇదే కదా అన్నాను. క్షమించండి అని కూడా అనాలి. ఆ మాట రాలేదు, ఇదే వచ్చింది. ఆవిడకి అర్థమైంది.

అక్క మీకు తెలుసన్నారు కదా, ఏమిటది అని అడిగాను. జూన్‌లో వినకుండా వచ్చేసిన మాట.

"ఒకరోజు మెట్ల మీద చూసి, నా గదిలో కుర్చీలో కూర్చోమన్నాను. వద్దండీ, మా ఇంట్లో అన్నీ పరుపులే, వెళ్లి పడుకుంటాను అని నవ్వింది. నేనూ నవ్వి వెళ్లిపోయాను. నవ్వకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సింది."

అమ్మ కూడా అలాగే నవ్వింది. అక్క అందర్నీ నవ్వించి పంపేసింది.

నాన్న నాతో వచ్చాడు. దివాను తిరగేసి, అడుగున చెక్క మీద వడ్రంగి పెన్సిలుతో అక్క పేరు రాశాడు. మళ్లీ సరిగ్గా తిప్పి పెట్టాడు. అది ఇంక ఎవరికీ కనపడదు.

పాత ఫలకం గోనెలో చుట్టి దుకాణంలో అటక మీద పెట్టాను.

అక్టోబరు 18, శనివారం

ఇవాళ అమ్మతో నేనూ వెళ్లాను. ఆయా నవ్వుతూ ఎదురొచ్చింది. మొన్న ఒక పిల్ల, నిన్న ఇద్దరు వంతులేసుకుని పడుకున్నారట. అమ్మ కవరు విప్పి చూసింది. తల పెట్టుకునే చోట నూనె మరక. అమ్మ దాన్ని దీపంలా రెండు చేతుల్లో పట్టుకుంది.

అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

బయటికొస్తూ అమ్మ ప్రతిసారిలాగే గోడ మీది ఫలకంపై వేలు పెట్టింది. ఎడమ నుంచి కుడికి జరిపింది. వేలు కిందికి దించింది. అక్కడ నున్నటి ఇత్తడి.

"ఇదివరకు నాలుగు వరసలుండేవి" అంది.

బస్సులో నా పక్కన కూర్చోలేదు.

అక్టోబరు 19

అమ్మ అడిగింది. చెప్పాను. అంతా చెప్పాను, ఎవరి మీదా తోయకుండా. ప్రిన్సిపల్ చదివినది, నాన్న దాచింది, మెట్ల మీద పిల్ల అన్నది.

"చిన్న మాటకి అంత రాతేమిటా అని అప్పుడే అనుకున్నా. పెద్ద చదువులు చదివిన చోటు కదా, పెద్దగా రాస్తారేమో అనుకున్నా" అంది.

అక్టోబరు 20

అమ్మ మాట్లాడలేదు.

అక్టోబరు 23

ఇవాళ కూడా.

అక్టోబరు 27

అమ్మ దుకాణంలోకి వచ్చి పాత ఫలకం కిందికి దించమంది. ఇంటికి తీసుకెళ్లి మంచం మీద పెట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోమంది.

"ఏది ఏదో చూపించు."

వద్దమ్మా అన్నాను.

"నా కూతురి గురించి ఊరంతా చదివింది. నేను చదవద్దా?"

నా వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టింది.

నవంబరు 2

రోజూ పని అయ్యాక కూర్చుంటున్నాం. అక్క పేరు మొదటిరోజే వచ్చేసింది. ఇప్పుడు రెండో వరస. 'ప' అంటాను, 'ప' అంటుంది. 'డు' అంటాను. నేనే రాయించిన వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా నేనే నేర్పుతున్నాను. లోకానికి గుచ్చుకోవాలని రాశాను. ఇప్పుడు రోజూ అమ్మ నోటితో వింటున్నాను.

నాన్న ఆ సమయానికి దుకాణం నుంచి రాడు.

నవంబరు 8

"చో. టు. లే. క." అమ్మ ఎక్కడా తడబడలేదు. చదివి, వేలు అక్కడే ఉంచింది. "ఇది నాకు చెప్పాల్సింది రా. నా మొహం మీద చెప్పాల్సింది. పిల్లలకి కాదు."

అది నిజం కాదమ్మా, చోటు లేకపోబట్టి కాదు, అన్నాను. డాక్టరు మాట చెప్పాను. అబద్ధం నేను చెక్కించాను, నువ్వు నమ్మకు అన్నాను. విన్నది. నమ్మిందో లేదో తెలియదు. ఇత్తడి మీద ఉన్నంత గట్టిగా నోటిమాట నిలబడదు. అది తెలిసే కదా నేను ఇత్తడి పట్టుకున్నది.

ఈ ఇంట్లో ఇన్నేళ్లు కరపత్రాలు చదివాను. అమ్మకి అక్షరాలు నేర్పాలని ఒక్కసారి తోచలేదు. నేర్పడానికి దొరికిన మొదటి పుస్తకం ఇది.

నవంబరు 15

మొత్తం వచ్చేసింది. తప్పు లేకుండా చదివింది. నన్ను బాగుందా అని అడిగింది, చిన్నపిల్లలు అడిగినట్టు. ఏం చెప్పను? బాగుందన్నాను.

ఫలకం మళ్లీ గోనెలో చుట్టి తన మంచం కింద పెట్టుకుంది. కరిగించేద్దాం అన్నాను. "ఉండనీ. నా పుస్తకం" అంది.

నవంబరు 22, శనివారం

అమ్మ, నేను ఉతికిన కవరు తీసుకుని వెళ్లాం.

మధ్యాహ్నం. తలుపు ఓరగా ఉంది. దివాను మీద మెట్ల మలుపు పిల్ల నిద్రపోతోంది. చెప్పులు కింద ఒకదాని మీద ఒకటి. చెయ్యి ఒకటి అంచు నుంచి వేలాడుతోంది. తలకీ గోడకీ మధ్య జానెడు ఎక్కువే ఉంది. నాన్న అన్నట్టు పరుపు దారికొచ్చింది, మధ్యలో కాస్త పల్లం పడింది.

అమ్మ లోపలికి వెళ్లలేదు. గోడ వైపు తిరిగి కొత్త ఫలకం మీద వేలు పెట్టింది. దీన్ని నేను నేర్పలేదు. మొదటి మాట దగ్గర వేలు ఆగింది, కుదరలేదు, దాటేసింది. రెండో మాట మీద పెదాలు కదిలాయి.

"ప. డు. కో." నా వైపు తిరిగింది. "పడుకో."

పాత దానిలో ఉన్న అక్షరాలే.

మూడోది వెంటనే వచ్చేసింది. "అమ్మా." అది 'అమ్మాయి'లోంచి.

మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి మాట మీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. పిల్ల లేస్తుందేమోనని నేను చెవి దగ్గరికి వంగి చెప్పాను.

"కాసేపు."

తల ఊపింది. వేలు ఆ మాట మీద నుంచి తీయడానికి చాలాసేపు పట్టింది.

కవరు మార్చకుండానే వచ్చేశాం.